ఇంట్లో వేలిముద్రలు తెప్పించాలంటే: పెన్సిల్ పొడా, అయోడినా, ఫెవిక్విక్కా?

ఫిబ్రవరి 28 నేషనల్ సైన్స్ డే దగ్గర పడుతుందంటే బడిపిల్లలున్న ఇళ్లల్లో ఒకటే లొల్లి, వేలిముద్రల ప్రాజెక్టు చేస్తామంటారు. వీడియోల్లో ఒకాయన గ్లాసు మీద పౌడర్ చల్లి ముద్ర చూపిస్తాడు, ఇంకొకాయన డబ్బాలో ఫెవిక్విక్ ఆవిరి పడతాడు, మూడో ఆయన ఊదా రంగు ఆవిరిలో కాగితం వేలాడదీస్తాడు. అన్నీ రెండు నిమిషాల్లో అయిపోయినట్టే ఉంటాయి కానీ ఏది మన ఇంట్లో అవుతుందో, ఏది పిల్లల చేతికి ఇవ్వొచ్చో ఎవరూ చెప్పరు. అందుకే నల్గొండలోనో పాలమూరులోనో ఉండి ఈ పని చేయాలనుకునేవాళ్ల కోసం, ఇక్కడ దొరికే సామాన్లు, మన నీళ్లు, మన ఎండలు లెక్కలో పెట్టుకుని రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. ఏ రసాయనం వాడాలన్నది రెండో ప్రశ్న, ముద్ర దేని మీద పడిందన్నది మొదటిది. ఇది చూసుకోకుండా సామాను కొంటే డబ్బులు దండగ.

## ముందు తేల్చుకోవాల్సినవి

వేలి కొసన చెమట గ్రంథులు ఉంటాయి. చెమటలో దాదాపు అంతా నీళ్లే, మిగిలిన కొంచెంలో ఉప్పు, అమైనో ఆమ్లాలు, యూరియా లాంటివి. వేలి కొసలకు సొంతంగా నూనె గ్రంథులు లేవు, ముఖమో తలో తాకినప్పుడు అక్కడి జిడ్డు వేలికి అంటుతుంది. ఒక్కో పద్ధతి వీటిలో ఒక్కోదాన్ని పట్టుకుంటుంది: పొడి తడికీ జిడ్డుకీ అంటుకుంటుంది, అయోడిన్ ఎక్కువగా జిడ్డులో ఇంకుతుంది, నిన్‌హైడ్రిన్ అనే ల్యాబ్ రసాయనం అమైనో ఆమ్లాలతో కలుస్తుంది, సిల్వర్ నైట్రేట్ ఉప్పుతో.

ఇక దేని మీద. గాజు, స్టీలు, ప్లాస్టిక్, రంగేసిన ఇనుప బీరువా లాంటివి ఏదీ పీల్చుకోవు, ముద్ర పైపైనే ఉంటుంది. కాగితం, అట్ట, రంగు వేయని చెక్క పీల్చుకుంటాయి, చెమట లోపలికి దిగిపోతుంది. మొదటి రకానికి పొడి, ఫెవిక్విక్. రెండో రకానికి అయోడిన్, నిన్‌హైడ్రిన్. నోట్‌బుక్ కాగితం మీద పెన్సిల్ పొడి చల్లితే కాగితం మొత్తం నల్లగా అవుతుందే తప్ప ముద్ర సరిగ్గా రాదు.

ఎంత పాతది అన్నది కూడా చూడాలి. ఎండాకాలంలో మన దగ్గర గాజు మీద ముద్ర తొందరగా ఎండిపోతుంది, ఎండిన ముద్రకి పొడి అంత బాగా పట్టదు. అదే కాగితంలో దిగిన అమైనో ఆమ్లాలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి.

ఎవరి వేలు అన్నది చాలామంది పట్టించుకోరు. చిన్నపిల్లల చర్మంలో జిడ్డు తక్కువ, ఉన్నది కూడా తొందరగా ఆవిరైపోయే రకం, కాబట్టి వాళ్ల ముద్రలు పెద్దవాళ్ల ముద్రల కంటే ముందే మాయమవుతాయి. బీడీలు చుట్టేవాళ్లకీ, సిమెంటు పని చేసేవాళ్లకీ, పత్తి ఏరే చేతులకీ గీతలే అరిగిపోయి ఉంటాయి. రేషన్ దుకాణంలో మిషన్ మీద ముసలమ్మల వేలు పడక ఎన్నిసార్లు తిప్పి తిప్పి పెట్టిస్తారో చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అందుకే ప్రయోగానికి పెద్దవాళ్ల వేలు, అదీ బొటనవేలు ఎంచుకోండి. నుదుటి మీదో ముక్కు పక్కనో ఒకసారి రాసి అప్పుడు నొక్కమనండి. కొబ్బరినూనె పెట్టిన తల తాకితే ఇంకా తేలిక, కాకపోతే నూనె ఎక్కువైతే గీతల మధ్య సందులు కూడా నిండిపోయి ముద్ర మసకగా వస్తుంది.

ఇంకొకటి మన ప్రాంతం సమస్య. కెమిస్ట్రీలో నల్గొండ పేరు నల్గొండ టెక్నిక్ రూపంలో ఉంది కదా, పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. వేలిముద్రకి ఫ్లోరైడ్‌తో పేచీ లేదు గానీ బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో ఉంది. ఆ నీళ్లతో కడిగిన గ్లాసుల మీద ఎండాక మిగిలే తెల్లటి పొరకి కూడా పొడి అంటుకుంటుంది, ముద్ర ఏదో మరక ఏదో తెలియదు. గ్లాసును ముందు నిమ్మచెక్కతో రుద్ది, వాటర్ క్యాన్ నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో తుడిచి అప్పుడు ముద్ర వేయించండి.

## ఏమీ కొనకుండా: ఫోన్ టార్చ్

దీన్ని ఎవరూ పద్ధతిగా లెక్కపెట్టరు కానీ పోలీసుల క్లూస్ టీం వాళ్లు కూడా మొదట చేసేది ఇదే. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ని వస్తువుకి పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు పట్టండి. స్టీలు గ్లాసు, బీరువా తలుపు, ఫోన్ స్క్రీన్ మీద ముద్రలు లేచి కనిపిస్తాయి. ఎక్కడుందో తెలిశాక దాని మీదే పొడి వేయొచ్చు, వస్తువంతా చల్లాల్సిన పని లేదు. ఆరేడేళ్ల పిల్లలకి ఈ ఒక్కటే చాలు.

## పొడులు: పెన్సిల్, మసి, పౌడర్, పసుపు

ఎక్కువమందికి ఇదే సరైన ఎంపిక. పొడి చల్లితే ముద్ర తడికి అంటుకుంటుంది, మిగతాది బ్రష్‌తో పోతుంది. అసలు కిటుకు పొడి మెత్తదనంలో ఉంది. వేలి మీద ఒక గీతకీ పక్క గీతకీ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు, పొడి రేణువు అంతకంటే చాలా చాలా చిన్నది కాకపోతే గీతలన్నీ కప్పేస్తుంది. బియ్యప్పిండితో, గోధుమపిండితో సరిగ్గా రాకపోవడానికి కారణం ఇదే.

పెన్సిల్ పొడి అంటే గ్రాఫైట్. మెత్తగా రాసే 4బీ, 6బీ లాంటి పెన్సిల్ తీసుకుని లోపలి నల్ల పుల్లని సన్న సాండ్ పేపర్ మీద అరగదీయండి. మామూలు హెచ్‌బీ కూడా పనికొస్తుంది, కాకపోతే అందులో మట్టి పాలు ఎక్కువ, నలుపు తక్కువ. తెల్ల పింగాణీ, గాజు, లేత రంగు ప్లాస్టిక్ మీద మంచి ముద్ర వస్తుంది.

దానికంటే నల్లగా, మెత్తగా కావాలంటే మసి. దీపం మంట మీదో హారతి కర్పూరం మంట మీదో స్టీలు పళ్లెం బోర్లించి పట్టుకుంటే మసి పట్టేస్తుంది, చల్లారాక గీకి తీసుకోవడమే. డబ్బాలో అమ్మే కాటుక పనికిరాదు, అందులో నూనెలు కలిపి ఉంటాయి. మసి పద్ధతి పెద్దవాళ్లే చేయాలి, కర్పూరం మంట దగ్గర పిల్లలు వద్దు. ఫలితం మాత్రం చాలా బాగుంటుంది, నన్నడిగితే ఇంట్లో తయారయ్యే పొడుల్లో ఇదే మొదటిది.

ముదురు రంగు వస్తువులకి, అంటే నల్ల ఫోన్ కవరు, ముదురాకుపచ్చ బీరువా, హాస్టల్ ట్రంకు పెట్టెలకి, ముఖానికి వేసుకునే టాల్కం పౌడర్. ఫ్యాన్ ఆపి కొంచెమే వాడండి, పీల్చడం మంచిది కాదు. పసుపు కూడా పనిచేస్తుంది, ముదురు వస్తువు మీద కనబడుతుంది కూడా, కానీ తేమ పడితే ఉండలు కడుతుంది, వానాకాలంలో చిరాకు పెడుతుంది, గోడకో బట్టకో తగిలితే ఇంట్లో తిట్లు తప్పవు.

బ్రష్ విషయంలో పిసినారితనం వద్దు. షేవింగ్ బ్రష్, రంగులేసే బిరుసు బ్రష్ ముద్రని చెరిపేస్తాయి. బుగ్గలకి రంగు వేసుకునే మెత్తటి మేకప్ బ్రష్ తీసుకోండి. బ్రష్ చివర కొంచెం పొడి ముంచి, విదిలించి, తగిలీ తగలనట్టు తిప్పండి. గీతలు కనబడటం మొదలవగానే అవి పోయే దిక్కులోనే బ్రష్ పోనివ్వండి, అడ్డంగా కాదు. తర్వాత వెడల్పాటి సెల్లో టేప్‌ని ఒక పక్క నుంచి మెల్లగా ఒత్తుకుంటూ అతికించి, ఒక్క ఊపులో లేపి, నల్ల పొడైతే తెల్ల కాగితం మీద, తెల్ల పొడైతే నల్ల చార్టు మీద అంటించండి.

## కాగితం మీదైతే: అయోడిన్, తర్వాత గంజి

నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే, ఎందుకంటే కెమిస్ట్రీ కళ్ల ముందు కనబడుతుంది. అయోడిన్ గింజలు వేడి తగిలితే కరగడం దాకా పోకుండానే ఊదా రంగు ఆవిరిగా లేస్తాయి. ఆ ఆవిరి ముద్రలోని జిడ్డులోకి ఇంకి గోధుమ రంగు గీతలుగా కనబడుతుంది.

గింజలు బడి ల్యాబ్‌లో ఉంటాయి. బయట కొని ఇంట్లో దాచుకోమని నేను చెప్పను. బదులుగా మందుల షాపులో టింక్చర్ అయోడిన్ అడగండి, అన్ని చోట్లా దొరకదు. గాయాలకి రాసే పోవిడోన్ అయోడిన్ లేపనం ఇచ్చి ఇదీ అదే అంటారు, తీసుకోకండి, అందులో అయోడిన్ పాలిమర్‌ని పట్టుకుని ఉంటుంది, ఆవిరి సరిగ్గా రాదు.

వెడల్పు మూతి గాజు సీసా అడుగున కొన్ని చుక్కలు వేసి, స్పిరిట్ ఆరిపోయేదాకా కాసేపు మూత తీసి బయట ఉంచండి. తర్వాత ముద్ర ఉన్న కాగితాన్ని దారంతో లోపలికి వేలాడదీసి మూత పెట్టి, సీసాని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. పొయ్యి మీద వద్దు. కొన్ని నిమిషాల్లో ముద్ర వస్తుంది. వచ్చింది వచ్చినట్టే మాయమైపోతుంది కూడా, బయటికి తీయగానే అయోడిన్ మళ్లీ ఎగిరిపోవడం మొదలవుతుంది, కాబట్టి ఫోన్ కెమెరా ముందే సిద్ధంగా ఉండాలి.

దాన్ని నిలబెట్టడానికే గంజి. అన్నం వార్చిన గంజిలో బాగా నీళ్లు కలిపి, బట్టతో వడగట్టి, స్ప్రే సీసాతో సన్నగా చల్లితే అయోడినూ స్టార్చూ కలిసి ముద్ర ముదురు నీలం, నలుపు రంగులోకి మారుతుంది, అలా చాలాసేపు ఉంటుంది. ఇప్పుడు కుక్కర్లు వచ్చాక వార్చడం తగ్గింది, పర్లేదు, బియ్యప్పిండి చెంచాడు నీళ్లలో ఉడకబెట్టినా అదే. ఒక చిక్కుంది: కొన్ని కాగితాలకి తయారీలోనే స్టార్చ్ కలుపుతారు, అవి అయోడిన్ తగలగానే మొత్తం నల్లబడతాయి. ముందు ఒక చిన్న ముక్కతో పరీక్షించుకోండి.

అయోడిన్ ఆవిరి కళ్లకీ ఊపిరికీ మంచిది కాదు, స్టీలుని కూడా తినేస్తుంది. వంటింట్లో కాదు, వరండాలో, గాజు సీసాలోనే.

## ఫెవిక్విక్: చూడ్డానికి గొప్ప, చేయడానికి జాగ్రత్త

ఇది సయనోయాక్రిలేట్ జిగురు. దాని ఆవిరి ముద్రలోని తడికీ లవణాలకీ తగలగానే అక్కడికక్కడే గట్టిపడి తెల్లటి ప్లాస్టిక్ గీతలవుతుంది. 1970ల చివర్లో జపాన్‌లో మొదలై తర్వాత ప్రపంచమంతా పాకింది. లాభం ఏమిటంటే ముద్ర గట్టిగా ఉండిపోతుంది, ఆ తర్వాత దాని మీద నల్ల పొడి కూడా వేయొచ్చు, ఒకసారి సరిగ్గా రాకపోతే మళ్లీ వేయొచ్చు.

మళ్లీ ఎప్పుడూ తినేవి వేయని పారదర్శక ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. వస్తువునీ, ఒక చిన్న కప్పు వేడినీళ్లనీ లోపల పెట్టి, అల్యూమినియం ఫాయిల్‌ని చిన్న గిన్నెలా మడిచి కప్పు మీద ఆనించి అందులో ఐదారు చుక్కలు వేసి మూసేయండి. వేడినీళ్లు రెండు పనులు చేస్తాయి, జిగురుకి కొంచెం వెచ్చదనం, డబ్బాకి తేమ. ఈ పద్ధతికి తేమ చాలా అవసరం, మార్చి నుంచి మే దాకా పాలమూరు పొడి గాలిలో నీళ్లు పెట్టకుండా చేస్తే గీతలు పలచగా వస్తాయి. పక్కన నల్ల ప్లాస్టిక్ ముక్క మీద ఇంకో ముద్ర వేసి పెట్టండి, అది తెల్లబడగానే ఆపేయాలి. ఆలస్యమైతే వస్తువంతా తెల్లపొర కప్పేస్తుంది, దాన్ని వెనక్కి తీయలేం.

రెండు మాటలు గట్టిగా చెప్పాలి. దూది మీద, నూలు బట్ట మీద ఈ జిగురు ఎక్కువగా పోస్తే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చర్మం కాలుతుంది. దూది మీద వేస్తే తొందరగా అవుతుందని చెప్పే వీడియోలు నమ్మకండి. రెండోది, స్టవ్ మీద, ఇస్త్రీపెట్టె మీద వేడి చేయకండి, వేడి మరీ ఎక్కువైతే ఆ జిగురు విరిగి విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది. మూత తీసేటప్పుడు ఆరుబయట తీయండి, ముఖం దూరంగా పెట్టండి, కాంటాక్ట్ లెన్సులుంటే అసలు దగ్గరికే రావద్దు.

## ల్యాబ్ ఉన్నవాళ్లకే: నిన్‌హైడ్రిన్, సిల్వర్ నైట్రేట్

నిన్‌హైడ్రిన్‌ని 1910లో రూహెమన్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు, వేలిముద్రలకి వాడొచ్చని 1954లో స్వీడన్‌లో ప్రతిపాదించారు. అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు ఇస్తుంది, పాత కాగితం మీది ముద్రకి బాగా పనిచేస్తుంది. కానీ దీన్ని అసిటోన్‌లోనో ఆల్కహాల్‌లోనో కరిగించాలి, అవి మంట అంటుకునేవి, పెన్ను సిరాని కూడా కరిగించేస్తాయి, బస్ టికెట్ లాంటి థర్మల్ కాగితమైతే మొత్తం నల్లబడుతుంది. రంగు రావడానికి మామూలుగా ఒకటి రెండు రోజులు. డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ పక్కనుంటే చేయండి, లేకపోతే వదిలేయండి.

సిల్వర్ నైట్రేట్ చెమటలోని ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది, ఎండ తగిలితే నల్లబడుతుంది. ఓటేసినప్పుడు వేలికి పెట్టే సిరాలో ఉండేది ఇదే, మరక అన్ని రోజులు ఎందుకు పోదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంటికి వద్దు.

| పద్ధతి | దేని మీద | ఎంత పాత ముద్రకి | ఎవరు చేయొచ్చు | పెద్ద ఇబ్బంది |
|---|---|---|---|---|
| టార్చ్ | నున్నటివి | తాజాది | ఎవరైనా | దాచుకోలేం, ఫోటోనే |
| పెన్సిల్ పొడి, పౌడర్ | గాజు, స్టీలు, ప్లాస్టిక్ | తాజాది | పదేళ్లు దాటిన పిల్లలు | బ్రష్ గట్టిగా తగిలితే చెరుగుతుంది |
| దీపం మసి | లేత రంగు నున్నటివి | తాజాది | పెద్దవాళ్లు | మంట, నల్ల మరకలు |
| అయోడిన్, గంజి | కాగితం, అట్ట | కొన్ని రోజులది | పెద్దవాళ్లతో కలిసి హైస్కూల్ పిల్లలు | ఆవిరి, తొందరగా మాయం |
| ఫెవిక్విక్ | ప్లాస్టిక్, గాజు, లోహం | కొంచెం పాతదైనా | పెద్దవాళ్లే | కళ్ల మంట, వస్తువు పాడు |
| నిన్‌హైడ్రిన్ | కాగితం | ఏళ్లనాటిదైనా | ల్యాబ్‌లో | మంట అంటుకునే ద్రావకం |

## మీరు ఎవరైతే ఏది

చిన్నపిల్లల తల్లిదండ్రులైతే టార్చ్, తర్వాత పెన్సిల్ పొడి, అక్కడితో ఆపండి. తొమ్మిది, పది తరగతుల వాళ్లు సైన్స్ ఫెయిర్‌కి అయితే ఒక బల్ల మీద గ్లాసూ పెన్సిల్ పొడీ, ఇంకో బల్ల మీద కాగితమూ అయోడినూ పెట్టండి. ఒకే వేలి ముద్ర రెండు చోట్ల రెండు దారుల్లో వచ్చిందని చూపిస్తే జడ్జీలు అడిగే ప్రశ్నలకి అదే జవాబు, ఫెవిక్విక్ డబ్బా ఎంత ఆకర్షణగా ఉన్నా జనం మూగే హాలులో దాన్ని తెరవడం బాగుండదు. చార్టులో శంఖం, చక్రం అని మన ఇళ్లల్లో అనుకునే ఆకారాల బొమ్మలు వేయండి, లూప్ (వచ్చిన వైపే మళ్లిపోయే గీతలు) సుమారు 60 నుంచి 65 శాతం, వోర్ల్ (సుడి తిరిగినవి) 30 నుంచి 35, ఆర్చ్ (విల్లులా వంగినవి) 5 దాకా అని రాయండి. చరిత్ర రాసేటప్పుడు లండన్ పోలీసుల స్కాట్లాండ్ యార్డ్‌తో మొదలుపెట్టకండి, వాళ్ల వేలిముద్రల బ్యూరో 1901లో వచ్చింది, కలకత్తాలో 1897లోనే ఉంది. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే లెక్కని తయారుచేసిన వాళ్లలో అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది.

హాస్టల్లో ట్రంకు పెట్టె తెరిచి పచ్చడి ఎవరు తిన్నారో పట్టుకోవాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఆకారం కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు, గదిలో అయిదుగురుంటే ముగ్గురికి లూపే ఉండొచ్చు. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులు ఒక్కొక్కటీ కలవాలి, సెల్లో టేప్ ముద్రతో అంత తేల్చడం కష్టం. వాళ్లకి నా సలహా వేలిముద్రే కాదు. ఏసీబీ వాళ్లు నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాసి, పట్టుబడ్డవాడి చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగు అవుతాయని పేపర్లో చదువుతూనే ఉంటాం కదా. ఆ పొడిని ఒకప్పుడు విరేచనాల మందుగా వాడేవాళ్లు, తిండి దగ్గరికి తేవొద్దు. దాని బదులు పెట్టె గొళ్లేనికి లోపలి వైపు కొంచెం పసుపు పూసి, అనుమానం ఉన్నవాళ్ల చేతులు బట్టల సోడా కలిపిన నీళ్లతో కడిగించండి, పసుపు తగిలి ఉంటే ఎర్రబడుతుంది.

నిజంగా ఇంట్లో దొంగలు పడితే మాత్రం ఇవేవీ చేయకండి. ఒక్కసారి పొడి పడితే అసలు ముద్ర చెడుతుంది. బీరువా తాకకుండా, పిల్లల్ని బయట ఉంచి 100కో 112కో ఫోన్ చేయండి, క్లూస్ టీం వచ్చేదాకా ఊడవడం కూడా వద్దు. ఇంట్లోవాళ్ల ముద్రలు కూడా అడుగుతారు, అది అనుమానంతో కాదు, మీవి తీసేస్తే మిగిలినవి ఎవరివో చూడటానికి.

## తర్వాత శుభ్రం చేసుకోవడం

గ్రాఫైట్, మసి అంటిన చోట ముందు పొడి బట్టతో దులపండి, తడి బట్ట పెడితే ఇంకా పాకుతుంది. అయోడిన్ మరకకి విటమిన్ సి మాత్ర నీళ్లలో కరిగించి పోయండి, క్షణాల్లో రంగు పోతుంది, ఇది కూడా పిల్లలకి చూపించదగ్గ కెమిస్ట్రీయే. ఫెవిక్విక్ పొరకి నెయిల్ పాలిష్ రిమూవర్, అందులో అసిటోన్ ఉండాలి, ప్లాస్టిక్ వస్తువైతే అదే కరిగిపోవచ్చు కాబట్టి దాని జోలికి పోకండి. పసుపు మరక పడ్డ బట్టని సబ్బుతో రుద్దగానే ఎర్రబడితే పరేషాన్ కాకండి, బాగా జాడించి ఎండలో ఆరేయండి, వెలుతురుకి ఆ రంగు మెల్లగా వెలిసిపోతుంది.